మండలానికొక ఆనర్సు

ఇటు గోదారి, అటు అడవి, కింద బొగ్గు. ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోయేకొద్దీ మా మండలాలు ఇట్లాగే ఉంటాయి. ప్రతి మండలానికీ ఒక తహసీల్దారు ఉంటాడు (కంచర్ల గోపన్న కాలం నుంచీ ఉన్న కొలువే), ఒక ఎస్సై ఉంటాడు, నలుగురు ఆర్‌ఎంపీ డాక్టర్లుంటారు. ఈ మధ్య కొత్తగా ఒక ఆనర్సు కూడా ఉంటున్నాడు. మిగతావాళ్ళు ఏం చేస్తారో ఊరందరికీ తెలుసు. ఆనర్సు ఏం చదువుతున్నాడో మాత్రం ఫీజు కట్టే వాళ్ళ నాన్నకు కూడా తెలీదు.

ఆ చదువు పూర్తి పేరు బీఎస్సీ ఆనర్స్ మ్యాథమెటిక్స్ అండ్ ఫైనాన్స్. అంత పొడుగు పేరు ఊరి నోట్లో నిలవదు. ముందు 'లెక్కలు' రాలిపోయాయి, ఆనక 'బీఎస్సీ' రాలిపోయింది. 'ఫైనాన్సు' మిగిలింది. దసరాకి మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు "ఫలానావాళ్ళ అబ్బాయి ఫైనాన్సులో ఉన్నాడంట" అన్న కబురు పాకింది. కిస్తీలు బాకీ ఉన్న ఇద్దరు రైతులు ట్రాక్టర్లను తీసుకుపోయి చింతతోపు వెనక పెట్టుకున్నారు. అప్పటి నుంచి జాగ్రత్త కోసం 'ఆనర్సు' అంటున్నారు. దాని అర్థం ఎవరికీ తెలీదు కాబట్టి భయం లేదు.

ఈ జాతి ఖమ్మంలో ఇంటర్ చేరేటప్పుడే విడిపోతుంది. లెక్కలొస్తే ఎంపీసీ, రక్తం చూసి కళ్ళు తిరక్కపోతే బైపీసీ, రెండూ కాకపోతే సీఈసీ అన్నది జగమెరిగిన ఏర్పాటు. మనవాడు ఎంఈసీ అన్నాడు. లెక్కలూ కావాలి, కామర్సూ కావాలి. ఆ రోజు నుంచి ఏ బంతిలోనూ అతనికి విస్తరి పడలేదు. ఎంపీసీవాళ్ళు "కామర్సోడు" అన్నారు. సీఈసీవాళ్ళు "అమ్మో, లెక్కలోడు" అన్నారు. నాన్న మాత్రం ఇప్పటికీ ఎవరడిగినా "ఇంజనీరింగే, కాకపోతే కొంచెం వేరే రకం" అని చెప్పుకుంటున్నాడు.

హైదరాబాదులోనో ఢిల్లీలోనో చేరాక పొద్దున రియల్ అనాలిసిస్, మధ్యాహ్నం అకౌంట్స్. పొద్దున ఒక గీత ఎక్కడా తెగలేదని నిరూపించడానికి మూడు పేజీలు. మధ్యాహ్నం ఒక కంపెనీ ఎక్కడా తెగలేదని చూపించడానికి మూడు పేజీలు. ఈ రెండింటి మధ్య తిరిగి తిరిగి అతనికి ఔను, కాదు అనే మాటలు నోటికి రావడం మానేశాయి. "అన్నం తింటావారా?" అన్నా "అది దేన్ని బట్టి చూస్తున్నామన్న దాని మీద ఉంటుంది" అంటాడు. వాళ్ళమ్మ దేన్నీ బట్టి చూడకుండా వడ్డించేస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం వచ్చాక ఆనర్సు పట్టాకి నాలుగేళ్ళు. ఈ సంగతి చుట్టాలకు చెప్పడం బ్రహ్మతరం కాలేదు. "మూడేళ్ళ డిగ్రీ నాలుగేళ్ళు చదువుతున్నాడా? ఏ సబ్జెక్టు పోయింది నాయనా?" అని మేనత్త గుసగుసగా అడిగింది, అక్కడికి ఊరంతా వినేటంత గుసగుసగా. "లెక్కలు చదివి బాగుపడ్డోళ్ళు ఎవరన్నా ఉన్నార్రా?" అని మామయ్య మూలం మీదే కొట్టాడు. ఆనర్సుకి హుషారొచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు సంగతి ఎత్తుకున్నాడు. ఆయన 1945లో రాసిన వ్యాసానికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చిందని చెప్పాడు. మామయ్య వేళ్ళు మడిచి చూసుకుని, "78 ఏళ్ళకా పేమెంటు? మా వడ్ల డబ్బులే నయం" అని లేచిపోయాడు.

సెలవులకు వచ్చిన ఆనర్సు ఊరికే ఉండడు. ఎండాకాలం తునికాకు రోజుల్లో అమ్మమ్మ పెరట్లో కూచుని ఆకు కట్టలు కడుతుంటే చూశాడు. కట్టకి 50 ఆకులు, వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. "అమ్మమ్మా, అన్నీ ఒకటొకటి లెక్కపెట్టనక్కర్లేదు, శాంపిల్ తీసి సగటు కట్టొచ్చు" అన్నాడు. నలభై కట్టలు విప్పి, లెక్కపెట్టి, పొద్దు వాలేదాకా కూచుని "సగటున 49.7" అని తేల్చాడు. అమ్మమ్మ అతని వైపు చూడకుండానే ఇంకో కట్ట కట్టి పక్కన పడేసి, "మిగతా మూడు పదోవంతుల ఆకు ఏ మేక తిన్నదిరా?" అంది. ఆ నలభై కట్టలూ మళ్ళీ అతనే కట్టాడు. కల్లం దగ్గర కల్లేదారు తిప్పిపంపింది సరిగ్గా ఆ నలభయ్యే.

అశ్వారావుపేట, దమ్మపేట వైపు పోతే అంతా పామాయిల్ తోటలు. అక్కడ ఒక రైతుకు ధరల ఒడిదుడుకుల గురించి పాఠం చెప్పబోయాడు. రైతు గెలలు కోయిస్తూనే విన్నాడు. విని, "మలేషియాలో నూనె రేటు పడితే మాకిక్కడ టన్నుకి పడుద్ది. 2024 సెప్టెంబరులో ఢిల్లీవాళ్ళు ముడినూనె దిగుమతి సుంకం పెంచారు, నిలదొక్కుకున్నాం. మరుసటేడు మే నెలాఖర్లో తగ్గించారు, చూసుకున్నాం. అందుకే చెట్ల మధ్యన కోకో వేశా. మీ కాలేజీలో ఇంకా ఏమన్నా చెప్తారా?" అన్నాడు. తమ కాలేజీలో దాన్ని డైవర్సిఫికేషన్ అంటారని చెప్పడం తప్ప ఆనర్సుకి ఏమీ మిగల్లేదు. భద్రాచలం కరకట్ట మీద ఒక పెద్దాయనకి వందేళ్ళకోసారి వచ్చే వరద అంటే ఏంటో చెప్పబోతే ఇంకా పొట్టి జవాబు వచ్చింది: "1986లో 75.6 అడుగులు చూశా, 2022లో 71.3 అడుగులు చూశా. నీ వందేళ్ళు నాకు 36 ఏళ్ళకే అయిపోయినయ్."

చిట్టీ పాట దగ్గర మాత్రం ఆడవాళ్ళు అతన్ని పిలిచి మరీ కూచోబెట్టారు. ఇరవై మంది, లక్ష చిట్టీ. ఏ నెల పాడుకుంటే లాభమో చెప్పమన్నారు. "అది మీ డిస్కౌంట్ రేటు మీద ఉంటుంది. నీ డిస్కౌంట్ రేటు ఎంత పిన్నీ?" అన్నాడు. పిన్ని తడుముకోకుండా "మామూలుగా ఇరవై, ఆషాఢంలో యాభై" అంది. మొత్తం లెక్క మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఈలోగా పాట అయిపోయింది.

అతని భక్తి కూడా చక్రవడ్డీతోనే ఉంటుంది. శ్రీరామనవమికి రాములవారి దర్శనం చేసుకొచ్చి అరుగు మీద కూచుని, గోపన్న గుడికి వాడిన డబ్బు ఖజానాదనీ, ఆడిట్‌లో నిలవదనీ మొదలుపెట్టాడు. కథ ప్రకారం ఆరు లక్షల మాడలు, పన్నెండేళ్ళ చెర. నూటికి నెలకి రూపాయి చొప్పున ధర్మవడ్డీ వేసినా పన్నెండేళ్ళకి 25 లక్షల 14 వేలు అవుతుందనీ, రామలక్ష్మణులు అసలు మాత్రమే కట్టి వెళ్ళారనీ, గోల్కొండ ఏలిక తానీషా గట్టిగా నష్టపోయాడనీ తేల్చాడు. అమ్మమ్మ ముందు లెంపలు వేయించింది. తర్వాత తీరిగ్గా చెప్పింది: "రాముడు రసీదు కూడా తీసుకున్నాడురా. రసీదు ఇచ్చాక వడ్డీ ఏంది? పైగా ఎదురు తానీషానే కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడు. ఇప్పటికీ సర్కారు పంపుతానే ఉంది." ఆనర్సు చాలాసేపు ఆలోచించాడు. అప్పిచ్చినవాడే ఎదురు కట్టడం! జపాన్ కేంద్ర బ్యాంకు 2016లో గాని పెట్టని మైనస్ వడ్డీ గోల్కొండలో 17వ శతాబ్దంలోనే ఉందని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నాలుగో ఏడు ప్రాజెక్టుకు పనికొస్తుంది.

ఇంత తెలిసినవాడు తన డబ్బు ఏం చేస్తాడు? పోగొట్టుకుంటాడు. మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది. ఆ నివేదిక అతనికి కంఠస్థం. మిగిలిన ఏడు శాతంలో తానున్నానని నిరూపణ అక్కర్లేని నమ్మకం. హాస్టలు డబ్బు రెండు వారాల్లో పోయాక నాన్నకి ఫోన్ చేసి, "పోలేదు నాన్నా, డ్రాడౌన్‌లో ఉంది" అన్నాడు. నాన్నకి అది ఊరి పేరులా వినబడింది. అక్కడి నుంచి ఎప్పుడొస్తుందని అడిగాడు.

ఇన్ని జరిగాక ఊరు అతని చదువు మీద ఆశ వదులుకుంది. అట్లాంటి రోజుల్లో చర్ల రోడ్డు మీద టీకొట్టు దగ్గర కూచున్నాడు. కొట్టు నడిపే అక్క డైలీ ఫైనాన్సులో పదివేలు తీసుకుంది. వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతికిచ్చారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పది శాతమే కదా, పర్లేదు" అంది అక్క. ఆనర్సు టీ గ్లాసు పక్కన పెట్టి పేపరు అంచు మీద పెన్ను తీశాడు.

"అక్కా, తొమ్మిది వేలు నీ దగ్గర వంద రోజులూ ఎక్కడున్నాయి? మొదటిరోజు నుంచే తిరిగి కడుతున్నావు. సగటున నీ దగ్గర ఉండేది సగమే." ఈసారి అతను 'దేన్ని బట్టి' అనలేదు. "ఏడాది లెక్కన ఇది 78 శాతం. చక్రవడ్డీ వేస్తే 117."

అక్క మరిగే పాలు దించడం మర్చిపోయింది. అరటికాయల బండివాడు దగ్గరికి జరిగాడు. చెప్పులు కుట్టే తాత, తన కాగితం కూడా చూడమన్నాడు. పావుగంటలో పేపరు అంచులు నిండిపోయి ఆనర్సు సినిమా పేజీలో హీరో మొహం మీద రాస్తున్నాడు.

సాయంత్రానికి ఫైనాన్సు షావుకారు బండి దిగాడు. గొడవ పడలేదు. ఆనర్సు భుజం మీద చెయ్యేసి, ఏం చదువుతున్నావని అడిగి, పేరు మొత్తం ఓపిగ్గా విన్నాడు. అతని జన్మలో అంతదాకా విన్న మొదటి మనిషి ఆయనే. ఆనర్సు కరిగిపోయి 1998 నాటి కథ చెప్పాడు. అమెరికాలో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అని ఒక ఫండు. నోబెల్ వచ్చిన ఇద్దరు పండితులు అందులో ఉన్నారు. లెక్క తప్పి మునిగితే 14 సంస్థలు 360 కోట్ల డాలర్లు పోసి పైకి లాగాయి. షావుకారు బుగ్గలు నొక్కుకున్నాడు. "అన్ని డాలర్లు తాకట్టు లేకుండా ఎట్టా ఇచ్చార్రా వాళ్ళకి? ఆ నోబెల్ ఏదో నాకివ్వాల్సింది." తర్వాత గొంతు తగ్గించాడు. "నా దగ్గర పుస్తకాలు రాయి. నెలకి పదివేలిస్తా. ఈ శాతాలు మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి."

జీవితంలో మొదటి ఉద్యోగం! ఆనర్సు నోరు తెరిచేలోగా షావుకారు జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. తొమ్మిది వేలు ఉన్నాయి. అలవాటు.

ఆనర్సు నోట్లను ఒకసారి, షావుకారును ఒకసారి చూసి, డబ్బు తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. ఈలోపు టీకొట్టు అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "షావుకారుగారూ, మీరిచ్చింది తొమ్మిది వేలు. రోజుకి వంద చొప్పున తొంభై రోజులు కడతా. తొంభై ఒకటో రోజు మీ కుర్రాడు వస్తే టీ ఇస్తా, డబ్బు ఇవ్వను." వెనక అరటికాయల బండివాడు "నేనూ అంతే" అన్నాడు.

షావుకారు బండి ఎక్కి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు. "ఒరే అబ్బాయ్, మీ కాలేజీలో ఆ కోర్సుకి ఏడాదికి ఎన్ని సీట్లు? వచ్చే ఏడు మన మండలం నుంచి ఇంకెవడన్నా పోతున్నాడా?"