జూమ్ ఎంత లాగుతుంది?

మెడలో కెమెరా వేసుకుని బజార్లోకి వెళ్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎంతయింది?" రెండోది, "జూమ్ ఎంత లాగుతుంది?" మొదటిదానికి ఎలాగూ నిజం చెప్పం. రెండోదానికి నిజం చెప్పినా ఎవరూ తృప్తిపడరు. 200 మిల్లీమీటర్లంటే జాలిగా చూస్తారు. 400 అంటే తలాడిస్తారు. 600 అంటే మాత్రం పక్కనున్న మనిషిని పిలిచి మరీ చూపిస్తారు. టెలిఫొటో లెన్సుల వ్యాపారంలో సగం ఈ మూడో చూపు కోసమే నడుస్తోందని నా గట్టి అనుమానం.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జీతం పెరిగినప్పుడల్లా వాడికి ఒక కొత్త కళ అబ్బుతుంది. పోయినసారి గిటారు. అది ఇప్పుడు బీరువా మీద ఉంది. ఈసారి ఫొటోగ్రఫీ.

"మామయ్యా, కదిలేవాటిని తియ్యాలి. 600 కొంటున్నా," అన్నాడు ఫోన్లో.

"ఏం కదిలేవిరా?"

"అన్నీ. పాప స్కూల్లో కబడ్డీ ఆడుతోంది. సంక్రాంతికి ఎడ్ల పందాలు. తర్వాత నేలపట్టు వెళ్లి పక్షులు."

"అన్నిటికీ ఒకటే లెన్సా?"

"అందుకేగా పెద్దది కొంటున్నది!"

ఈ తర్కానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేం. కాగితం, పెన్సిలు కావాలి. కబడ్డీ కోర్టు మగవాళ్లదే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడపిల్లలది ఇంకా చిన్నది. గీత పక్కన కూర్చుని పది మీటర్ల దూరంలో ఉన్న పాపని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 600 తగిలించి చూస్తే, ఫ్రేములో పట్టేది అడ్డంగా రెండడుగులు, నిలువుగా అడుగుంబావు. అంటే రెయిడుకెళ్లిన పిల్ల చెవి, జడ రిబ్బను బ్రహ్మాండంగా వస్తాయి. అది మన పాపేనా అన్నది రిబ్బను రంగును బట్టి తేల్చుకోవాలి. అదే 200 దగ్గర పెడితే అడ్డంగా ఆరడుగులు పడుతుంది. పాపా ఉంటుంది, పాప కాలు పట్టుకున్న పిల్లా ఉంటుంది. ఆటంటే ఆ ఇద్దరూ కదా!

ఇక వెలుతురు. ఇండోర్ స్టేడియంలో లైట్లు మన కంటికి పట్టపగల్లా ఉంటాయి, కెమెరాకి మాత్రం కరెంటు పోయినట్టే లెక్క. కబడ్డీలో కాలూ చెయ్యీ చెదిరిపోకుండా నిలబడాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతైనా ఉండాలి. అంత తక్కువ సమయంలో తగినంత వెలుతురు లోపలికి రావాలంటే లెన్సు నోరు పెద్దదవ్వాలి. ఎఫ్/6.3 లెన్సు కంటే ఎఫ్/2.8 లెన్సు అయిదు రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. ఎఫ్/2.8లో ఐఎస్ఓ 3200తో అయ్యే పని ఎఫ్/6.3లో 16,000కి పోతుంది. ఆ ఫొటోలో పాప మొహం మీద ఇసక చల్లినట్టుంటే తప్పు స్టేడియందీ కాదు, పాపదీ కాదు.

"అయితే 600లోనే ఎఫ్/2.8 కొంటా," అన్నాడు. పిల్లవాడు ధైర్యవంతుడు.

ఇక్కడ చిన్న భాగహారం ఉంది. 600ని 6.3తో భాగిస్తే లెన్సు నోటి వెడల్పు సుమారు 95 మిల్లీమీటర్లు వస్తుంది. చాలా 150-600 లెన్సులకి ముందు పెట్టే ఫిల్టరు కూడా సరిగ్గా 95 మిల్లీమీటర్లదే. 600 ఎఫ్/4 అయితే ముందున్న అద్దం 150 మిల్లీమీటర్లు, ధర పది లక్షలు దాటుతుంది. ఎఫ్/2.8 అంటావా, 214 మిల్లీమీటర్లు. మీ ఇంట్లో టిఫిను ప్లేటు తీసి కొలుచుకో అన్నాను. అవతల నిజంగానే గిన్నెలు కదిలిన చప్పుడు వినిపించింది.

ఇంత లెక్క చెప్పినా వాడు కోఠికి వెళ్లనే వెళ్లాడు. షాపులో కుర్రాడు అడక్కుండానే చెప్పాడట, "సార్, దీంతో చంద్రుడి మీద గుంటలు కూడా కనపడతాయి." నిజమే. కానీ చంద్రుడు రెయిడుకి రాడు. "ఇందులో స్టెబిలైజేషన్ కూడా ఉంది సార్, కదిలినా షేక్ రాదు," అన్నది రెండో మాట. ఇది అందరూ పడే గోతి. స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకుని. ఎద్దు కాలుని కాదు. ఎద్దుని ఆపేది షట్టరు ఒక్కటే.

కదిలేవాటి విషయంలో లెన్సు పొడుగు కంటే లోపలున్న ఫోకస్ మోటారు ముఖ్యమని నా అభిప్రాయం. బద్ధకపు మోటారున్న లెన్సు, చీకట్లో గుమ్మం ముందు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకునే మనిషిలా ప్రవర్తిస్తుంది. దగ్గర్నుంచి దూరం దాకా, దూరం నుంచి మళ్లీ దగ్గర దాకా వెతుకుతుంది. ఫోకస్ దొరికేసరికి పిట్ట పక్క జిల్లాకి వెళ్లిపోతుంది. అందుకే చాలా లెన్సుల పక్కన ఒక చిన్న మీట పెడతారు. "పది మీటర్ల లోపు వెతక్కు" అని చెప్పే మీట. లెన్సు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని గీతలు పడకుండా తుడుస్తారు తప్ప జరపరు.

బరువు సంగతి మా ఆవిడ చూసుకుంది. సిగ్మా 150-600లో తేలిక రకమే రెండు కిలోలకి కాస్త తక్కువ, బరువు రకం మూడు కిలోలకి కాస్త తక్కువ. "మొన్న రైతుబజారు నించి రెండు కిలోల వంకాయలు తెచ్చి నడుం పట్టేసిందని పడుకున్నది నువ్వే కదరా?" అని స్పీకర్లో అడిగింది. "అత్తయ్యా, అది వేరు," అన్నాడు గానీ ఎలా వేరో చెప్పలేదు.

పక్షులకి పొడుగు కావాలి, కాదనను. పాలపిట్టనే తీసుకోండి. తీగ మీద కూర్చున్నంతసేపు మట్టిరంగు మనిషి. రెక్క విప్పిందా, ఆ నీలం అప్పుడు బయటపడుతుంది. అంటే అది ఎగిరితేనే ఫొటో. నలుపూ తెలుపూ లకుముకి ఇంకొంచెం దయగలది. చెరువు మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ, ముక్కు కిందికి వంచి, నీళ్లలోకి చూస్తూ కొన్ని క్షణాలు నిలబడుతుంది. మనకిచ్చే గడువు అదే. తర్వాత రాయి పడ్డట్టు నీళ్లలోకి దిగిపోతుంది. మొదట్నించీ 600 దగ్గర పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ గడువంతా పిట్టెక్కడుందో వెతకడంతోనే సరిపోతుంది. చూపు అంత ఇరుకు. 200 దగ్గర పట్టుకుని ముందుకు లాగాలి. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 లాంటివి లాగినా బారు పెరగవు, బరువు ముందుకి పోదు. చేత్తో పట్టుకుని తిప్పేవాడికి అది పెద్ద సుఖం.

పులికాట్ సరస్సులో మాత్రం ఏ లెన్సూ పనికిరాని వేళ ఒకటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, ఎండ ముదిరాక, దూరంగా నిలబడ్డ ఫ్లెమింగోల మీద గురిపెట్టండి. మధ్యలో ఉన్న గాలి మరుగుతుంటుంది. కాళ్లు వంకర్లు పోతాయి, మెడలు కరిగిపోతాయి. కొందరు ఇది చూసి 1.4 టెలికన్వర్టరు తగిలిస్తారు. లెన్సు 840 అవుతుంది, ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది, మరిగే గాలి ఇంకా పెద్దగా కనపడుతుంది. దీనికి మందు లక్షలు పోసినా దొరకదు. తెల్లవారుజామున లేవాలి. అది చెప్పగానే మావాడి గొంతు నీరసించింది.

కదిలేవాటిని తియ్యడం కొత్త విద్యేం కాదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఆయన పరిగెత్తే గుర్రాన్ని మొదటిసారి ముక్కముక్కలుగా పట్టాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి నేల వదులుతాయని అప్పుడే తేలింది. ఆయన వాడింది పొడుగు లెన్సు కాదు. ట్రాకు పక్కనే వరసగా 12 కెమెరాలు పెట్టి, గుర్రం దారికి అడ్డంగా దారాలు కట్టాడు. దగ్గర, వెలుతురు, గుర్రం ఎటు వస్తుందన్న ఎరుక. ఈ మూడూ ఉంటే చాలా మిల్లీమీటర్లు మిగులుతాయి.

అందుకని మావాడికి నా తీర్పు ఇది. నీ కెమెరా క్రాప్ బాడీ, అంటే సెన్సరు ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది. దానిమీద 70-200 ఎఫ్/2.8 వేస్తే నికాన్, సోనీల్లో 300 చూపు వస్తుంది. పాప కబడ్డీకి సరిపోతుంది, గట్టు మీద నిలబడి తీసే ఎడ్ల పందాలకీ సరిపోతుంది. కిలోన్నర లోపే, వంకాయల కంటే తక్కువ. నేలపట్టులో చెరువు మధ్య చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతు పెద్ద పక్షి, పుల్ల నోట కరుచుకుని తీరిగ్గా వస్తుంది. దానికోసం ఏడాదికోసారి 150-600 అద్దెకు తెచ్చుకో.

మీరూ కొనే ముందు ఒక శనాదివారం అద్దెకు తెచ్చుకుని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా భుజాన వేసుకుని తిరిగి చూడండి. ముందు మూత మాత్రం జాగ్రత్త, పారేస్తే దాని డబ్బులు విడిగా కట్టించుకుంటారు.