అప్‌డేట్ సంజీవని

మూలము: "అవసరమైతే తగిన ఎంపికలతో అప్‌డేట్ కమాండును నడపవచ్చును. సాధారణంగా సమస్యలు ఉండవు."

అవతారిక: మా ఆఫీసు సర్వర్లను తాజాపరిచే పనిముట్టు ఒకటుంది. పై వాక్యం దాని మాన్యువల్‌లోది. తెలుగు సేత నాది. ఇన్నాళ్లూ దాన్ని మనుషులు చదివారు, అనగా చదవకుండా పక్క సీటాయనను అడిగారు. పోయిన నెల ఆ పని ఏఐ ఏజెంటుకు అప్పగించాం. అది మాన్యువల్‌ను మొదటినుంచి చివరిదాకా నిజంగానే చదివింది. ఈ వ్యాఖ్యకు కారణం ఆ దురదృష్టమే. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిందని, దాన్ని లేపడానికి మల్లినాథసూరి సంజీవని రాశాడు. ఇక్కడ మూర్ఛిల్లింది సర్వరు. విషం మూలంలోనే ఉంది.

ప్రతిపదార్థము: అప్‌డేట్ = డెబియన్ వారి ఆప్ట్ సంప్రదాయంలో, కొత్త ప్యాకేజీల పట్టికను మాత్రమే తెచ్చుకొనుట. ప్యాకేజీలు మారాలంటే అప్‌గ్రేడ్ అనాలి. యమ్ సంప్రదాయంలోనో, అదే మాటకు ప్యాకేజీలను నిజంగానే మార్చివేయుట అని అర్థం. మన మూలకారుడు ఏ శాఖవాడో చెప్పలేదు. కమాండు = స్పష్టము. నడపవచ్చును = స్పష్టము. (వ్యాఖ్యాత "స్పష్టము" అన్నచోట ఆయనకూ తెలియలేదని గ్రహించాలి.) తగిన = దేనికి తగిన?

అవసరమైతే = అవసరము + ఐతే. ఉకార సంధి. ప్రథమ మీది ఉత్తు గనుక ఇక్కడ వికల్పానికి చోటు లేదు, సంధి నిత్యం. మొత్తం మాన్యువల్‌లో ఖాయంగా జరిగేది ఈ ఒక్కటే.

విశేషము: నిత్యమన్నాను కాబట్టి ఒక మాట. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అందులో ఉత్తుకు సంధి నిత్యం, ఏమ్యాదుల ఇత్తుకు వైకల్పికం, అత్తుకు బహుళం. బహుళమంటే "ఏదో ఒకటి అవుతుందిలే" అని కాదు. దానికి లెక్కగా నాలుగు ముఖాలున్నాయి. కార్యం జరుగుతుంది: సీతమ్మ. జరగదు: అమ్మయిచ్చె. జరిగినా జరగకున్నా సరే: మేనల్లుడు, మేనయల్లుడు. (మేనయల్లుడా అని పిలిచే మేనమామను నేనింతవరకు చూడలేదు.) నాలుగోది, బొత్తిగా మరో కార్యం జరుగుతుంది: ఒక, ఒక కలిసి ఒకానొక. ఆ నడిమి "ఆన" ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియక చిన్నప్పుడు నేనొక మధ్యాహ్నమంతా దిగులుపడ్డాను. 1997లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారికి ఆర్‌ఎఫ్‌సీ 2119 వచ్చింది. అందులో మస్ట్ మన నిత్యం, మస్ట్ నాట్ నిషేధం, మే వైకల్పికం. షుడ్ అంటే గట్టి కారణం లేనిదే తప్పరాదని. బహుళానికి వాళ్ల దగ్గర మాట లేదు. అయినా మాన్యువళ్లన్నీ బహుళంలోనే రాస్తున్నారు. తేడా ఏమిటంటే సూరి "ఇది బహుళం, ప్రయోగం చూసుకో" అని ముందే చెప్పాడు. వీళ్లు "సాధారణంగా" అని నవ్వి ఊరుకుంటారు.

ఎక్కడున్నాం? సర్వరు దగ్గర. మా ఏజెంటుకు ఎదురైంది ఆ నాలుగో ముఖం.

సందర్భము: శనివారం రాత్రి దానికి అవసరమనిపించింది. తగిన ఎంపిక ఏదని వెదికి ఫోర్స్‌ను ఎంచుకుంది. మేము మూడేళ్లుగా చేత్తో దిద్దుకున్న కాన్ఫిగరేషన్ ఫైలు మీద కొత్త ఫైలు పరిచి, పని విజయవంతమైందని రాసి, సెలవు తీసుకుంది. దాని తప్పేముంది? ఫోర్స్ అన్న మాట చూస్తే మనిషి చెయ్యి వణుకుతుంది, సీనియర్‌కి ఫోన్ చేస్తాడు. మాన్యువల్ రాయని సగం పేజీని ఇన్నాళ్లూ మన భయమే రాసింది. ఏజెంటుకు ఆ పేజీ కనబడలేదు.

శ్లేష: ఏ కమాండైనా పని ముగించి ఒక అంకె చెబుతుంది. ఆప్ట్-గెట్ 100 అంటే తప్పు జరిగిందని. యమ్ శాఖకే చెందిన డీఎన్‌ఎఫ్‌ను అప్‌డేట్లున్నాయా అని అడిగితే, ఉన్నాయనడానికీ 100 అంటుంది. పింగళి సూరన చూస్తే మెచ్చుకునేవాడు. ఆయన ద్వ్యర్థికావ్యాన్ని టీకతో చదువుతాం. ఈ అంకెకు టీక ఉండవలసింది మాన్యువల్‌లోనే. ఇంకొకటి: ఆప్ట్‌కు "అన్నిటికీ ఔను" అని ముందే చెప్పినా, లోపలినుంచి డీపీకేజీ "మీరు మార్చిన ఫైలు ఉంచనా, కొత్తది పెట్టనా?" అని అడిగే సందర్భాలున్నాయి. ఆ ఔను దానికి చెల్లదు. జవాబిచ్చేవాడు లేక పని అక్కడే కూర్చుంటుంది. ఏ కమాండు ఏ ఫైలును ముట్టుకుంటుంది, నడుమ ఏమడుగుతుంది, ఏ అంకెకు ఏమర్థం, వెనక్కి ఎలా రావాలి: ఈ నాలుగు ముక్కలు రాయడానికి వ్యాకరణం అక్కర్లేదు కదయ్యా!

ఇప్పుడు రాస్తున్నారు, నిజమే. 2024లో వచ్చిన ఎల్‌ఎల్‌ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ ప్రతిపాదనను పట్టుకుని కొందరు యంత్రాల కోసం శుభ్రమైన పుటలు వేరే పెడుతున్నారు. సంతోషం. 1971 నాటి యూనిక్స్ మాన్యువల్ నుంచి మనుషులు చదువుతూనే ఉన్నారు. మాకోసం ఈ చాకిరీ ఎవరికీ తట్టలేదేం?

తాత్పర్యము: నడిపితే నీ ఇష్టం, నడపకపోతే నీ ఖర్మ.

పాఠాంతరము: ఫిర్యాదు చేస్తే కొత్త వెర్షన్‌లో మాన్యువల్ సవరించామని జవాబొచ్చింది. తెరిచి చూశాను. "అవసరమైతే" తీసేసి "సందర్భానుసారంగా" అని పెట్టారు. ఇది సవర్ణదీర్ఘం.