నేను మైదాన్ బంతిని

మిడ్‌ఫీల్డర్ ఎలాంటివాడో గ్యాలరీలో కూర్చున్నవాళ్లు కళ్లతో చూసి తెలుసుకుంటారు. నేను ఒంటితో తెలుసుకున్నాను. కలకత్తా మైదాన్‌లో ఏళ్ల తరబడి దొర్లిన తోలు బంతిని నేను. ఏ క్లబ్బు గుడారం సొత్తునో చెప్పను. ఆటకు దిగాక అందరి కాళ్ల దగ్గరకూ వెళ్లినదాన్ని, ఒకరి పక్షం మాట్లాడలేను.

పుట్టింది జలంధర్‌లో. దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన పనివాళ్లు అక్కడ మళ్లీ నిలబెట్టుకున్న చేతికుట్టు పని అది. ఆరు మూలల ముక్కలు 20, ఐదు మూలల ముక్కలు 12, లోపల ఒక రబ్బరు బ్లాడర్. కొత్తలో నా బరువు 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండాలి, ఉండేది కూడా. కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ నడిచేది వానాకాలంలో కావడంతో ఆ లెక్క తప్పిపోయింది. తోలు నీళ్లు తాగి బరువెక్కేది. అప్పుడు నన్ను బురదలోంచి లేపి అవతలి అంచున ఉన్న మనిషి పాదం దగ్గర దించడం ఎవరివల్ల అవుతుందో మొదటి తన్నుకే తెలిసిపోయేది.

సాధన ముగిశాక నన్ను కంచె పక్కన వదిలేసేవారు. అవతల అభిమానుల వాదనలు నడిచేవి. మిగతా చోట్ల ఆటగాడి గురించి మాట్లాడుకుంటారు, ఇక్కడ ఇంటి మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆ రోజుల్లో క్లబ్బు మారాలంటే ఆటగాడు స్వయంగా ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఐ.ఎఫ్.ఎ.) ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టాలి. అవతలివాళ్లు ఎగరేసుకుపోతారన్న భయంతో సంతకం రోజుదాకా ఆటగాళ్లను దాచిపెట్టేవారు.

1980 నాటి వాదన నాకు బాగా గుర్తుంది. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ క్లబ్బు చెదిరిపోయింది. పేరున్న ఆటగాళ్లు గుంపుగా వెళ్లిపోయారు. మైదానం నడుమ ఎవరిని నిలబెట్టాలన్నదే అందరి దిగులు.

"హబీబ్‌ను మళ్లీ తేవాలి" అన్నాడొక పెద్దాయన.

"ముప్పై ఏళ్లొచ్చాయి కాకా! ఆ కాళ్లలో ఇంకేం మిగిలింది?" అన్నాడో కుర్రాడు.

"మూడేళ్ల కిందట పెలే ఎదురుగా ఉండగా గోల్ కొట్టిన కాళ్లురా అవి!"

పెద్దాయన అన్నది నిజం. 1977లో పెలే జట్టు న్యూయార్క్ కాస్మోస్ ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చి ఇక్కడి మోహన్ బగాన్ క్లబ్బుతో 2-2గా ఆడినప్పుడు ఒక గోల్ మహమ్మద్ హబీబ్‌దే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ మనిషిని కలకత్తా 'బొరో మియా' అని పిలుచుకుంది. ఉద్యోగం వద్దనుకుని ఆటనే బతుకుతెరువుగా పెట్టుకున్నవాడు. కుర్రాడికి మాత్రం పరుగు కావాలి, కొత్త రక్తం కావాలి. అలీగఢ్ యూనివర్సిటీలో చదువుతున్న ఇరానీ మజీద్ బిష్కర్ పేరు కూడా ఆ గాలిలోకి వచ్చింది. 1978 ప్రపంచకప్‌కు ఇరాన్ జట్టులో ఎంపికైనవాడు.

చివరికి ఇద్దరూ వచ్చారు. పి.కె. బెనర్జీ శిక్షణలో ఆ చెదిరిన జట్టు ఆ ఏడాదే ఫెడరేషన్ కప్‌ను మోహన్ బగాన్‌తో కలిసి గెలుచుకుంది.

ఎవరు గొప్ప అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇలా చెప్పేదాన్ని. మజీద్ నేను చేరకముందే తల తిప్పి చుట్టూ చూసుకునేవాడు. అందుకే ఒక్క తాకుడుతో నన్ను ఎక్కడికి పంపాలో అక్కడికి పంపేవాడు, ఆ పాదం నాకు నొప్పి తెలియనిచ్చేది కాదు. హబీబ్ నన్ను పోగొట్టుకుంటే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు కాదు. సొంత గోల్ దగ్గరిదాకా వెనక్కి పరుగెత్తి నన్ను మళ్లీ తీసుకునేవాడు. దారి చూడగలవాడొకడు, దారి కాయగలవాడొకడు. ఇద్దరూ ఉంటేనే జట్టు నడుము నిలుస్తుంది.

తర్వాత నా కుట్లు వదిలాయి. తోలు బంతిని నీడలో ఆరబెట్టి కాస్త నూనె రాస్తే ఏళ్లపాటు మన్నుతుంది. నన్ను తడిగానే గోనెసంచిలో కుక్కారు. బ్లాడర్‌కు అతుకు మీద అతుకు వేశారు, అదీ నిలవనప్పుడు గ్యాలరీ కింద గదిలోకి విసిరేశారు. అక్కడ నాకు బూజు పట్టింది. ఎలుకలు ఒక మూల కొరికాయి. పైన గోడలకు కప్పులెత్తిన జట్ల ఫొటోలు వేలాడుతున్నాయి, ఆ కప్పులు తెచ్చిన బంతి ఏదని అడిగినవాళ్లు లేరు. ఆ మూల నుంచి రాలిన ముక్క కోసం వెతికినవాళ్లూ లేరు. నీళ్లు పీల్చని సింథటిక్ బంతులు వచ్చాయి. తలుపు తీసినప్పుడల్లా నాకోసమే అనుకునేదాన్ని. ఎవరో చీపురు తీసుకుని వెళ్లిపోయేవారు.

గది పైన వాదనలు మాత్రం ఆగలేదు. మిడ్‌ఫీల్డర్ కృశాను డే పేరు విన్నాను, తర్వాత దేశదేశాల ఆటగాళ్ల పేర్లు విన్నాను. 2019లో ఈస్ట్ బెంగాల్ శతాబ్ది వేడుకలకు మజీద్ కలకత్తా వచ్చాడని విన్నాను. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో హబీబ్ కన్నుమూశాడనీ విన్నాను. ఎవరికోసం గొంతులు చించుకున్నారో వాళ్లను పదేళ్లకే మరిచిపోవడం, పోయాక తలుచుకోవడం మైదాన్‌కు అలవాటే. ఆ బాధ నాకు నా చిల్లుల కంటే ఎక్కువ.

ఇప్పటి అభిమానులకు ఒక్క మాట చెప్పాలి. 90 నిమిషాల ఆటలో ఒక్కో ఆటగాడి దగ్గర నేనుండేది రెండు మూడు నిమిషాలు. మీరు ఆ రెండు మూడు నిమిషాలే చూసి, గోల్స్ లెక్కపెట్టి, వీడిని కొనండి, వాడిని వదలండి అంటున్నారు. ఈసారి నన్ను చూడకండి. నేను అవతల ఉన్నప్పుడు మీకు కావాల్సిన మిడ్‌ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడో, ఎవరికి దారి మూస్తున్నాడో, ఎవరిని కేకవేసి సర్దుతున్నాడో చూడండి. అప్పుడు అతని పేరు చెప్పండి, మీ క్లబ్బుకు మేలు చేసినవాళ్లవుతారు.