సంస్కృతి బాబాయి

ప్రతి ఇంటిపేరుకీ ఒక సంస్కృతి బాబాయి ఉంటాడు. మాకున్నాయన సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కప్ప జీవితచరిత్ర ఆయన చెప్పినట్టు జిల్లాలో ఇంకెవరూ చెప్పలేరని పేరు. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠంలో కూడా మొక్కలు అయ్యేదాకా ఆయనకి ఢోకా లేదు. మనుషుల దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క కింద పెట్టి, "ఇది ఇంటిదగ్గర చదువుకోండి, పరీక్షకి రాదు" అనేవాడు. వచ్చేది. నేను ఆ ప్రశ్న వదిలేసినవాణ్ణే.

ఇప్పుడు టీవీ ముందు కాలక్షేపం. శానిటరీ ప్యాడ్ ప్రకటన రాగానే దగ్గు మొదలు. కండోమ్ ప్రకటనైతే రిమోట్ కోసం సోఫా కిందకి దూరతాడు, ఈ వయసులో, ఆ నడుముతో. ఆయన పైకి లేచేసరికి ప్రకటన అయిపోతుంది, మన సంస్కృతి మీద ఉపన్యాసం మొదలవుతుంది.

ఇదే బాబాయి మా ఇళ్ళల్లో శోభనాలకి ముహూర్తాలు పెడతాడు. పంచాంగం తిరగేసి, "రాత్రి తొమ్మిదీ ఇరవై రెండు! దాటితే వర్జ్యం!" అని వీధి వసారాలో నిలబడి కేకేస్తాడు. మంచానికి ఎన్ని మూరల మల్లెపూలు, గదిలో ఏ పళ్ళెంలో ఏ మిఠాయి, అంతా ఆయన అజమాయిషీయే. నెల తిరక్కుండా కొత్తకోడలు ఎదురైతే, బస్టాండయినా సరే, "ఏమ్మా, విశేషమా?" అంటాడు. ఆ విశేషం ఎలా కలుగుతుందో మాత్రం ఎవరూ నోరెత్తకూడదు. పెళ్ళిళ్ళలో మా నాయనమ్మ వియ్యాలవారి మీద కట్టి పాడిన పాటలు గుర్తున్నాయా అని అడిగితే, ఆ పూట ఆయనకి చెముడు.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి దగ్గర దొరికిపోయాడు. "మగాడు మగాణ్ణి ప్రేమించడమేమిటి, ఆడవాళ్ళు శృంగారం రాయడమేమిటి? ఈ పాడంతా ఇంగ్లీషువాళ్ళు తెచ్చిందే!"

"అవును చిన్నతాతయ్యా, వాళ్ళు తెచ్చిందే" అంది. బాబాయి మురిసిపోయాడు. "శిక్షాస్మృతిలో 377 సెక్షను 1860లో పెట్టింది వాళ్ళే. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళది నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాధికా సాంత్వనం రాస్తే ఏ కొంపా మునగలేదు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చువేయిస్తే, మరుసటేడు నిషేధించిందీ వాళ్ళే."

"వీరేశలింగం గారూ దాన్ని తిట్టారుగా!" బాబాయికి ఊతం దొరికింది.

అదీ నిజమే. దొరలు తెచ్చిన సిగ్గుని ఇస్త్రీ చేసి మరీ తొడుక్కున్నది మనవాళ్ళే.

"నిషేధం ఎత్తేసింది 1947లో, ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం" అంది మా అమ్మాయి.

బాబాయి గోడమీద పంతులుగారి పటం ఉంటుంది, రోజూ దండం పెడతాడు. "పంతులుగారే..." అని ఆగిపోయి, బూరె కొరికాడు.

వెళ్తూ వెళ్తూ, తప్పొప్పులు చూస్తానని నా దగ్గరున్న రాధికా సాంత్వనం పుస్తకం పట్టుకెళ్ళాడు. మూడు నెలలైంది, తిరిగివ్వలేదు. నిన్న పిన్ని ఫోన్ చేసింది. దానికి పాత పంచాంగం అట్ట వేసుకుని చదువుతున్నాడట.