వాలకప్రకాశిక: ఒక బస్టాండు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచల మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు, ‘సంజీవని’ రాశాడు. పాలకొల్లు ఆర్టీసీ బస్టాండులో నరసాపురం బస్సు కోసం కూర్చున్న ఈ వ్యాఖ్యాతకు అంతటి మూలం ఎవరూ చేతికివ్వలేదు. కనుక ఒక ఆటవెలది తానే కట్టుకుని, అందులో కట్టినవాడికే తెలియని అర్థాలు తవ్వడానికి పూనుకున్నాడు. వ్యాఖ్య పేరు ‘వాలకప్రకాశిక’. తెలుగు మాటకు సంస్కృతం తగిలించారు, ఇది వైరి సమాసం కదా అనే పండితులకు మనవి: వైరిపక్షాలు ఒకే బల్ల మీద సర్దుకు కూర్చునే చోటునే బస్టాండు అంటారు.

మూలం

బస్సు రాకముందు బల్లపై కూర్చుండి
వచ్చుపోవువారి వాలకంబు
చూచి చూడనట్లు చోద్యంబు చూచెడు
వాడె పాలకొల్లువాడు సుమ్ము

ప్రతిపదార్థం

బస్సు = పల్లెవెలుగు మొదలైన వాహనము; రాకముందు = వస్తుందని బోర్డు చెప్పిన వేళకూ, వచ్చిన వేళకూ నడుమ; బల్లపై = సిమెంటు బల్ల మీద; కూర్చుండి = సంచి ఒడిలో పెట్టుకుని ఆసీనుడై; వచ్చుపోవువారి = ఎక్కువారి, దిగువారి, ఊరికే తిరుగువారి; వాలకంబు = నడక, సంచి, చెప్పులు, మొహము వగైరా; చూచి = గ్రహించి; చూడనట్లు = గోడ మీది ప్రకటన చదువుతున్నట్లు; చోద్యంబు చూచెడువాడె = వింత తిలకించేవాడే; పాలకొల్లువాడు = క్షీరపురి వాస్తవ్యుడు; సుమ్ము = సందేహము వలదు.

తాత్పర్యం

బస్సు ఆలస్యమైనప్పుడు విసుక్కోకుండా, ఎదుటివారికి ఇబ్బంది కలగకుండా లోకాన్ని చదువుకోగలవాడే పాలకొల్లువాడు అనిపించుకుంటాడు.

విశేషాలు

*బస్సు* అన్నది ఉపలక్షణం. రైలును కూడా చేర్చుకోవాలి. భీమవరం నుంచి వచ్చే రైలుమార్గం నరసాపురంతో సరి, ఆ తరవాత పట్టాలు లేవు. అందుకే పాలకొల్లు ప్లాట్‌ఫారం మీద నరసాపురం వైపు రైలెక్కేవాళ్ళకు తొందర ఉండదు. దిగాల్సిన చోటు దాటిపోతుందన్న బెంగ వాళ్ళకు లేదు. హైదరాబాదు బండికి నిలబడ్డవాళ్ళు మాత్రం బండి కనబడకముందే సామాను లెక్కపెట్టుకుంటారు. బోర్డు చూడకుండానే ఎవరిది ఏ బండో చెప్పవచ్చు.

*వచ్చుపోవువారి* అనే పదంలో కవి జిల్లానంతా ఇరికించాడు. కార్తిక మాసంలో పంచారామ యాత్రా బస్సులు వస్తాయి. అమరావతి, భీమవరం గునుపూడి, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అయిదూ ఒక్క రోజులో. పాలకొల్లు చేరేసరికి నుదుటి విభూతి సగం చెరిగి ఉంటుంది. ఇక్కడి క్షీరారామం గుడి గోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. తలెత్తి చూడబోయి మెడ పట్టేసి, మెడ నిమురుకుంటూ టీ కొట్టు వెతికేవాళ్ళు పొద్దున్నే బయలుదేరినవాళ్ళని గ్రహించాలి.

స్టీలు క్యారేజీ రెండు చేతులతో పట్టుకున్నవాళ్ళు ఆసుపత్రికి. పసుపు అంచు కవర్ల కట్ట చంకలో పెట్టుకుని, ఎక్కే బస్సునూ దిగే బస్సునూ వెతుక్కునేవాళ్ళు పెళ్ళి పిలుపులకు. తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టి, మార్కరుతో పేరు రాసిన పెద్ద పెట్టె పక్కన ఎవరైనా కూర్చుంటే గల్ఫు నుంచి వచ్చారో, వెళుతున్నారో అనుకోవాలి. ఏది నిజమో చెప్పేది వెంట వచ్చినవాళ్ళ కళ్ళు. తెల్లచొక్కా ఆయన ఫోన్‌లో “ముప్పై పడిందండీ!” అని సంబరపడుతున్నాడంటే రొయ్యల రైతు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. సంఖ్య చిన్నదైతే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. మార్కు తగ్గితే మొహం వెలిగేది ఈ ఒక్క పరీక్షలోనే.

ఊరికి కొత్తవాళ్ళను చూడటం కొత్త కాదు. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు బట్టల వ్యాపారానికి ఇక్కడ కోఠీ పెట్టారు. వాళ్ళు నేతబట్టల నాణ్యం పరీక్షిస్తున్నప్పుడు ఊరు వాళ్ళ వాలకాన్ని పరీక్షించి ఉండదా? చరిత్రకారులు మొదటిది రాసుకున్నారు. రెండోది రాసుకునే అలవాటు మనకు లేదు.

*పునరుక్తి శంక.* ‘చూచి’, ‘చూడనట్లు’, ‘చూచెడు’ అని ఒకే ధాతువు ఒకే పాదంలో మూడుసార్లు వచ్చిందే, దోషం కాదా? కాదు. మొదటిది కంటి పని, రెండోది మర్యాద, మూడోది ఆనందం. మధ్య మెట్టు తీసేస్తే మొదటిది తేరిపార చూడటం అవుతుంది, మూడోది వెకిలితనం అవుతుంది. పద్యం ప్రాణమంతా ‘చూడనట్లు’లో ఉంది.

*ధర్మశంక.* పరులను చూడటమే తప్పు కదా? ఇందుకు సమాధానం: చూసేవాడి మనసులో ఏముందో ఎవరికీ కనబడదు, చూడబడ్డవారు ఏం చేశారన్నది అందరికీ కనబడుతుంది. ఎదుటామె పమిట సర్దుకున్నా, ఎదుటాయన సంచి దగ్గరికి లాక్కున్నా చూపు బరువు తగిలినట్టే. వెంటనే కళ్ళు దించుకోవాలి. ఫోన్ తీసి ఫొటో పట్టడం ఏ మతంలోనూ సమ్మతం కాదు. చూపు వెంటనే మాసిపోతుంది, ఫొటో మాయదు. అపరిచితుడికి మనం ఇవ్వగలిగిన కనీస గౌరవం అతడిని మరచిపోవడం.

*వాడె* అనే పుంలింగం ఛందస్సు అవసరం మాత్రమే. ఈ విద్యలో స్త్రీలే ఆచార్యులు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతపు లేసు అల్లిక సంగతి తెలిసిందే. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారపు ఉండ ఒడిలో పెట్టుకుని కొక్కెపు సూదితో అల్లుతూ కూర్చున్న పెద్దావిడ తల ఎత్తదు. బస్సు వచ్చాక మాత్రం పక్కావిడతో, “ఆ నీలంచీర పిల్ల అత్తారింటికండీ, వెళ్ళబుద్ధి కావట్లేదు పాపం” అంటుంది. ఎలా తెలిసిందని అడిగితే, “రెండు బస్సులు వదిలేసిందిగా” అని సంచి సర్దుకుంటుంది. చూడనట్లు చూడటానికి ఇంతకు మించిన ఉదాహరణ ఏ లక్షణగ్రంథంలోనూ లేదు.

పాఠాంతరాలు

మొదటి పాదం కొన్ని ప్రతుల్లో ‘బల్లకై నిలుచుండి’ అని ఉంది. 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక పుట్టిన పాఠం ఇది. జీరో టికెట్టు చేతికొచ్చాక ఇన్నాళ్ళూ వాయిదా పడ్డ పుట్టింటి ప్రయాణాలు కదిలాయి, బల్లలు నిండాయి, మగవాళ్ళు స్తంభాలకు చేరగిలబడ్డారు. ఛందస్సు చెడలేదు, యతీ చెడలేదు. కనుక రెండు పాఠాలూ గ్రాహ్యాలే.

రెండో పాదంలో ‘వాలకంబు’ బదులు ‘వాట్సపంబు’ అనేది లేఖక ప్రమాదం. పక్కవాడి ఫోన్‌లోకి తొంగి చూడటం ఈ శాస్త్రంలో మహాపాతకం.

అలంకార రస చర్చ

ఉన్నదున్నట్టు చెప్పడం వల్ల స్వభావోక్తి. దండి దీన్నే మొదటి అలంకారమన్నాడు కాబట్టి తక్కువ చేసి చూడరాదు. రసం హాస్యం. భరతుడు హాస్యాన్ని ఆరు విధాలుగా విడదీశాడు. అందులో మొదటిది స్మితం, పళ్ళు కనబడని నవ్వు. బస్టాండులో అనుమతి దానికొక్కదానికే. పళ్ళు బయటపడితే ‘చూడనట్లు’ అనే పదం భంగపడుతుంది.

లక్షణ విచారం

‘వాడె పాలకొల్లువాడు’ అని నిర్ధారించారే, నరసాపురంవాళ్ళూ భీమవరంవాళ్ళూ చూడరా అని పూర్వపక్షి. చూస్తారండి, కాదనం. అయితే చూసింది దాచుకుని పదిమంది ముందు ఆడి చూపించడం ఇంకో విద్య. అందులో ఈ ఊరి సాక్షుల పట్టీ పెద్దది. 1922లో పుట్టి, వెయ్యికి పైగా చిత్రాల్లో మనకు తెలిసిన మనుషులనే మనకు చూపించి నవ్వించిన అల్లు రామలింగయ్యది పాలకొల్లు. దాసరి నారాయణరావుది పాలకొల్లు. కోడి రామకృష్ణది పాలకొల్లు. ఆయన 1982లో తీసిన తొలి చిత్రం పేరు ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’. ఇంట్లో వాలకం వేరు, వీధిలో వాలకం వేరు అన్న సూత్రానికి అంతకన్నా పొట్టి వ్యాఖ్య ఉండదు. బల్ల మీద కూర్చోవడం వల్లే వీళ్ళు ఇంతవాళ్ళయ్యారని వ్యాఖ్యాత అనడం లేదు. కూర్చుంటే చెడిపోరని మాత్రం అంటున్నాడు.

మరి పాలకొల్లు గడప తొక్కనివాడు కూడా ఇలా చూస్తే ఈ లక్షణానికి అతివ్యాప్తి దోషం పట్టదా? పడుతుంది. షికాగో విమానాశ్రయంలో టేపు చుట్టిన అట్టపెట్టెను చూసి, లోపల ఆవకాయ ఉందని గ్రహించి, “మనవాళ్ళే” అనుకుని, పలకరించకుండా గేటు నంబరు చదివే తెలుగువాడికి కూడా ఈ పద్యం అతుకుతుంది. అతుకనివ్వండి. ఆయన్నీ పాలకొల్లువాడిగానే జమకట్టుకుంటాం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను బస్సు వచ్చేలోగా చదివినవారికి కిటికీ సీటు దొరుకుతుందని హామీ లేదు. దానికి కర్చీఫు వేయడం వేరే శాస్త్రం. ఈసారి బస్సు ఆలస్యమైతే ఫోన్ జేబులో పెట్టి, బల్ల మీద కాస్త జరిగి, పక్కవారికి చోటిచ్చి చూడండి. ఎవరి వాలకమూ దొరక్కపోయినా బెంగ లేదు. లేసు అల్లే ఆవిడ మీది ఎప్పుడో చదివేసి ఉంటుంది.