గ్యాస్ కాదండి, దొరబాబండి

మా ఆవిడ అన్నగారు తెనాలి నుంచి కాకినాడ వచ్చి, మా సోఫాలో కూర్చుని, మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశారు. రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "బావగారూ, గ్యాస్ లీకవుతోంది. ముందు కిటికీలు తియ్యండి" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో చేసి రిటైరయిన మనిషి. ప్రమాదాల విషయంలో ఆయన మాటకి మా ఇంట్లో తిరుగులేదు. ఎవరూ స్విచ్చి ముట్టుకోవద్దన్నారు. మా అమ్మ పూజగదిలో దీపం కొండెక్కించేసింది. మా అమ్మాయి పిల్లిని చంకనేసుకుని మెట్లమీంచి కిందికి పరిగెత్తింది. నేను రెగ్యులేటరు పీకేసి ఏజెన్సీకి ఫోన్ కొట్టాను.

గంట తర్వాత వచ్చిన మెకానిక్ కుర్రాడు ట్యూబు పొడుగునా సబ్బునురగ రాశాడు. ఒక్క బుడగా లేవలేదు. వాడు వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వెనక బాల్కనీలోకి వాసన పట్టుకుంటూ నడిచి, వాషింగ్ మెషీన్ పక్కన ఆగాడు.

"గ్యాస్ కాదండి. మీకు పిల్లుందాండి?"

"ఉంది."

"మగదాండి?"

మగదే. పేరు దొరబాబు. ఏడాది కిందట వానాకాలంలో సెల్లారులో, నా స్కూటరు సీటు కింద అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికాడు. మా అమ్మాయి పైకి తెచ్చింది. "రోడ్డు మీద కార్లు తిరుగుతున్నాయి నాన్నా, ఇంట్లోనే ఉంచుదాం" అంది. ఉంచాం. ఎనిమిదో నెల దాకా వాడి ట్రే ఎక్కడుందో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఆ తర్వాత మూడో అంతస్తు వాళ్ళకి కూడా తెలిసింది, మాకే తెలియలేదు. ఎవరింటి వాసన వాళ్ళకి తెలియదు కదా. చుట్టాలు రావాలి.

తర్వాత చదువుకుంటే తేలిందేమిటంటే, బావగారి ముక్కు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. వంటగ్యాసుకి సొంతంగా చెప్పుకోదగ్గ వాసన లేదు. లీకైతే జనానికి తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థం కలుపుతారు. ఇక పిల్లి మూత్రంలో ఫెలినైన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంటుంది. ఈడొచ్చిన మగపిల్లిలో మరీ ఎక్కువ. బయటపడ్డాక అది విరిగి మెర్కాప్టాన్ల ఇంటిపేరే ఉన్న ఇంకో గంధకపు పదార్థంగా మారుతుంది. సిలిండరులో ఉన్నదానికి ట్రేలో ఉన్నది వేలువిడిచిన మేనమామ అవుతుందన్నమాట. దొరబాబు లెక్కలో అది కంపు కాదు, విజిటింగ్ కార్డు. ఈ పేటకి నేనే దొరనని తోటి పిల్లులకి చెప్పుకోవడం. జపాన్ శాస్త్రవేత్తలు ఈ ఫెలినైన్‌ని పుట్టించే ప్రొటీన్‌ని కూడా పట్టుకుని దానికి కాక్సిన్ అని పేరుపెట్టారు. మా ఇంట్లో మాత్రం ట్రే ఎవరు కడగాలో అప్పటికింకా తేలలేదు.

ఈ గంధకపు పదార్థమే లేశమాత్రంగా వేయించిన కాఫీ గింజల వాసనలోనూ ఉంటుందని చదివి, ఆ ఉత్సాహంలో మా అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఫిల్టరు వైపు అనుమానంగా చూసి, ఆవిడ రెండు రోజులు టీ తాగింది.

రెండో వాసన అమ్మోనియాది. దాని గురించి కాకినాడ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఊళ్ళో యూరియా ఫ్యాక్టరీయే ఉండేది. అక్కడ అమ్మోనియాతో యూరియా చేసేవారు. దొరబాబు ట్రేలో సూక్ష్మజీవులు అదే యూరియాని మళ్ళీ అమ్మోనియా చేస్తాయి. పైగా మాది సముద్రపు ఊరు. గాల్లో తేమకి ఉప్పు డబ్బాలో ఉప్పే ముద్దవుతుంది, ఇక ట్రే ఎక్కడ ఆరుతుంది?

"అదే పునుగు పిల్లయితేనా, ఆ తైలం తిరుమలలో స్వామికి పూసేవారు" అని నిట్టూర్చింది అమ్మ. పునుగు పిల్లి అసలు పిల్లి కుటుంబమే కాదని చెప్పబోయి, కాఫీ సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

కారణం తెలిశాక నివారణ మొదలైంది. ఇంట్లో తలకొకటి. అమ్మ సాంబ్రాణి వేసింది. మా ఆవిడ ట్రే చుట్టూ కలరా ఉండలు పెట్టింది. నేను బాల్కనీ అంతా ఫినాయిల్ పోసి కడిగాను. సాయంత్రానికి మా బాల్కనీ గవర్నమెంటాసుపత్రి వరండాలో పూజ జరుగుతున్నట్టు తయారైంది. పిల్లి వాసన మాత్రం ఈ మూడింటి మీదా కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

మర్నాడు టీకాకని తీసుకెళ్తే పశువుల డాక్టరుగారు ఈ వైభవమంతా విని కళ్ళజోడు తీసేశారు. "పిల్లిని బాగుచేద్దామనా, చంపుదామనా?" అని అడిగారు. ఫినాయిల్ జాతి మందుల్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గా లేదట. మనం నేల తుడుస్తాం, అది ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, మందు కడుపులోకి పోతుంది. కలరా ఉండలు ఇంకా విషం. పొగలూ పడవు. పోనీ బ్లీచింగ్ పౌడరు చల్లమంటారా అన్నాను. "ట్రేలో అమ్మోనియా ఉంది కదండీ. రెండూ కలిస్తే వచ్చే ఆవిరికి పిల్లితోపాటు మీరూ దగ్గుతారు" అన్నారు. ఇంటికొచ్చి వాటన్నిటినీ మూటగట్టి వాచ్‌మన్‌కిచ్చేశాం. అతనికి పిల్లి లేదు.

తర్వాత వాసనలు కలిపిన లిట్టరు మట్టి తెచ్చాను. మల్లెపూల రకం. ఇంట్లో మల్లెపూలూ వచ్చాయి, దొరబాబూ వచ్చాడు. రెండూ కలిసి పెళ్ళివారి విడిది వెనక సందులా తయారైంది. దొరబాబుకీ అది నచ్చలేదు. మనకంటే ఎన్నో రెట్లు పదునైన ముక్కున్న ప్రాణిని మల్లెల గుట్టలో కూర్చోబెడితే ఏం చేస్తుంది? ట్రేని బహిష్కరించి, ఇస్త్రీ చేసి పెట్టిన నా పంచె మీద పని కానిచ్చేశాడు. మూత ఉన్న ట్రే కొన్నాను. వాసన బయటికి రాలేదు, లోపలే ఊరింది. పాపం వాడు లోపలికి వెళ్ళిన వేగంతోనే బయటికొచ్చేవాడు, బస్టాండులో మరుగుదొడ్డి తలుపు తీసి వెనక్కి తిరిగొచ్చిన ప్రయాణికుడిలా.

అసలీ మట్టి గొడవ ఎక్కడ మొదలైందా అని చూస్తే, మనకి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే అమెరికా పిల్లులకీ బూడిద నుంచి విముక్తి వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే ఆయన దగ్గరికి పొరుగావిడొచ్చి, పిల్లి కోసం ఇసుక అడిగింది. చలికి ఆవిడ ఇసుక గుట్ట గడ్డకట్టింది, బూడిద వాడితే ఇల్లంతా పాదముద్రలు. ఫ్యాక్టరీల నేల మీద ఒలికిన నూనె పీల్చడానికి వాడే బంకమట్టి గుళికలు ఆయన దగ్గరుంటే, అవి ఇచ్చాడు. ఆవిడ మళ్ళీ అవే కావాలంది. ఆయన అయిదేసి పౌన్లు సంచుల్లో పోసి 65 సెంట్లకి అమ్మకానికి పెట్టాడు. ఇసుక ఊరికే దొరుకుతుంటే మట్టికి డబ్బెవడిస్తాడన్నాడు కొట్టువాడు. అయితే ఊరికే ఇవ్వండి అన్నాడాయన. రుచి మరిగాక జనమే డబ్బిచ్చి కొనుక్కున్నారు.

ఆ మట్టి మరేదో కాదు, మన ఆడవాళ్ళు మొహానికి రాసుకునే ముల్తానీ మట్టే. ఈ జ్ఞానోదయం కలిగిన రాత్రే నేను కిరాణా కొట్టు నుంచి రెండు కిలోలు తెచ్చి ట్రేలో పోశాను. అమెరికావాడు పోసింది గుళికలు, నేను పోసింది పొడి. తెల్లారేసరికి దొరబాబు సురభి నాటకంలో వేషం కట్టినవాడిలా మొహానికి పూత పూసుకుని ఎదురయ్యాడు. బాల్కనీ గడప నుంచి పూజగది దాకా చిన్ని చిన్ని పాదాలు, కృష్ణాష్టమికి ముగ్గుపిండితో వేసినట్టు. అమ్మ నిద్రకళ్ళతో చూసి చేతులు జోడించింది. ఆ పాదాలెవరివో తెలిశాక తలంటు పోసుకుంది.

ఇక ఆపరేషన్ తప్పదన్నారు డాక్టరుగారు. మగపిల్లులకి అది చేయిస్తే పదింట తొమ్మిది గోడలకి మూత్రం కొట్టే అలవాటు మానేస్తాయి, లేదంటే బాగా తగ్గిస్తాయి, మూత్రంలో ఆ ఘాటూ తగ్గుతుంది అని చెప్పారు. సంగతి తెలిసి బావగారు తెనాలి నుంచి ఫోన్ చేశారు. "మగాడి ఉసురు పోసుకోకండి బావగారూ" అన్నారు. వాసన గురించి మొదట ఫిర్యాదు చేసిందే ఆయన. ఆపరేషనైన సాయంత్రం నేను ట్రే మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాను. తేడా లేదు. ఒంట్లో హార్మోన్లు దిగడానికి కొన్ని వారాలు పడుతుందన్న సంగతి డాక్టరుగారు చెప్పారట, నేనే వినలేదట.

పిల్లి మెడలో గంట కట్టేదెవరన్నది పాత సమస్య. ట్రే ఎత్తేదెవరన్నది మా సమస్య. తెచ్చినప్పుడు "అన్నీ నేనే చేస్తా నాన్నా" అన్న అమ్మాయి పదో తరగతిలోకొచ్చింది. పనిమనిషి, "ఎంగిలి గిన్నెలు ఎన్నయినా తోముతానండి, ఆ డిప్ప మటుకు ముట్టుకోనండి" అని తెగేసి చెప్పింది. మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు నాకు ఇరవై ఏళ్ళుగా పరిచయం.

ఆవిధంగా రోజుకి రెండుసార్లు నా పూజ. తడి తగిలితే ఉండకట్టే బెంటొనైట్ మట్టి, ఏ వాసనా కలపనిది, మూడు వేళ్ళ మందాన పోస్తాను. అడుగున గుప్పెడు వంట సోడా. పొద్దున్నా రాత్రీ ఉండలు ఏరి పారేయాలి. ఏరడానికి గరిటె ఆర్డరు పెడితే నాలుగు రోజులు పడుతుందన్నారు. ఈలోగా ఎవరూ చూడట్లేదు కదా అని బూరెలు తీసే చిల్లుల గరిటె వాడాను. మా ఆవిడ చూసింది. ఆ గరిటె ఇప్పుడు శాశ్వతంగా దొరబాబుది. వారానికోసారి మట్టంతా పారబోసి, మామూలు సబ్బుతో ట్రే కడిగి ఎండలో బోర్లిస్తాను. గీతలు పడిన ప్లాస్టిక్‌లో వాసన దాక్కుంటుంది కాబట్టి ఏడాదికో కొత్త ట్రే. ఒక పిల్లికి రెండు ట్రేలుండాలన్నది డాక్టర్ల లెక్క, పిల్లుల సంఖ్యకి ఒకటి కలపాలట. టూ బెడ్‌రూమ్ ఫ్లాటులో మనుషులు నలుగురికీ ఉన్నవి రెండే బాత్రూములు. వాడొక్కడికీ రెండు. ఆ ఉండల్ని టాయిలెట్లో వేసి ఫ్లష్ కొట్టిన రోజు గురించి మాత్రం నన్నడక్కండి, ప్లంబరు ఇప్పటికీ నవ్వుతాడు.

నెల తిరిగేసరికి వాసన నిజంగానే పోయింది. ఒక ఆదివారం పొద్దున్న అయితే ట్రేలో ఒక్క ఉండ కూడా లేదు, కొత్త మట్టిలా నిగనిగలాడుతోంది. నేను సంబరపడి ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. దొరబాబు ట్రేలోకెక్కాడు, కూర్చున్నాడు, మూలిగాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. "నాన్నా, వాడికి రావట్లేదు" అంది అమ్మాయి. ఆ మాటతో అందరం ఆటోలో పడ్డాం. మగపిల్లికి మూత్రనాళం మరీ సన్నం, ఇసుకలాంటి స్ఫటికాలు చేరితే మూసుకుపోతుంది, ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టరుగారు. గొట్టం వేసి, సెలైన్ పెట్టి, మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. నాలుగోరోజు ఇంటికొచ్చి ట్రేలో వాడు పోసిన మొదటి ఉండని మేం నలుగురం నిలబడి చూశాం. కంపు కొట్టింది. అమ్మ "అమ్మయ్య" అంది.

అప్పట్నుంచి ఇంట్లో మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు, పొడి తిండి తగ్గించి తడి తిండి. పొద్దున్నే నేను గరిటె కడిగి రాగానే, అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని "ఇవాళెన్నిరా?" అని అడుగుతుంది. మూడంటేనే గ్లాసు ఎత్తుతుంది.

మొన్న సంక్రాంతికి బావగారు మళ్ళీ వచ్చారు. సోఫాలో కూర్చుని ముక్కు ఎగబీల్చారు. "బావగారూ, గ్యాస్ వాసన" అన్నారు. నేను నవ్వి, కాక్సిన్ నుంచి మేనమామ వరస దాకా అంతా విడమరిచి చెప్పి, చిల్లుల గరిటె తీసుకుని బాల్కనీలోకెళ్ళాను. రెండు ట్రేలూ శుభ్రంగా ఉన్నాయి. దొరబాబు వాషింగ్ మెషీన్ మీద పడుకుని నావైపు ఒక కన్ను తెరిచి చూశాడు. అప్పుడు వినబడింది వంటగదిలోంచి మా ఆవిడ కేక. పాలు పొంగి స్టవ్ ఆరిపోయి పావుగంటయింది.