స్టే వైరు, తెరచాప, మా అల్లుడు

మాక్లూర్‌లో పుట్టినోళ్ళకు పడవల గురించి మాట్లాడే హక్కు లేదని మా మేనల్లుడి అభిప్రాయం. సగం నిజమే. అలీసాగర్‌లో బోటు షికారు, పోచంపాడు నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళ థర్మోకోల్ తెప్పలు: మా నౌకాదళం అంతే. కానీ స్టే వైరు గురించి మాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. పసుపు చేను గట్టున కరెంటు స్తంభాన్ని లాగిపట్టే ఆ ఇనుప తీగ పక్కనే పెరిగాం. దానికి బర్రెను కట్టొద్దని లైన్‌మన్, కడితే ఏమైతదని ఊరోళ్ళు. ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు.

అల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆదివారమైతే హుస్సేన్ సాగర్‌లో గాలి కోసం దేవులాడుతుంటాడు. ఎవరి దగ్గరో పాత ఎంటర్‌ప్రైజ్ పడవ కొన్నాడు. 1956లో ఇంగ్లండుకు చెందిన జాక్ హోల్ట్ గీసిన నమూనా, నీలం తెరచాపలు. దాని కొయ్యను నిలబెట్టేవి మూడే తీగలు: ముందుకొకటి, పక్కలకు చెరొకటి. వెనక్కి లాగేది లేదు. పక్క తీగలనే కొయ్యకంటే కాస్త వెనగ్గా బిగిస్తే ఆ పని కూడా వాటి నెత్తినే పడుతుంది. జీతం పెంచకుండా పని పెంచడం పడవల్లో కూడా ఉందన్నమాట.

ఆ ఉక్కు తీగలు పీకేసి డైనీమా తాడు వేస్తానని దసరాకు వచ్చి ప్రకటించాడు. ఇల్లంతా ఇంజినీర్లైపోయింది.

"ఉక్కు తీసి తాడేసుడేంది అల్లుడా? ఎవడన్న ముందుకు పోతడుగని ఎనుకకు పోతడా?" అన్నాడు బోరు మోటార్లు దింపే మా తమ్ముడు.

బరువుకు బరువు చూస్తే ఆ తాడు ఉక్కుకంటే ఎన్నో రెట్లు గట్టిదట. పైన బరువు తగ్గినకొద్దీ పడవ ఒరగడం తగ్గుతుందట. ఇక ఉక్కు తీగకు చావు ప్రెస్ చేసిన కొసల దగ్గరే మొదలవుతుందట. నీళ్ళు అక్కడే నిలుస్తాయి. గుడ్డతో తుడిస్తే తెగిన పోగులకు చిక్కుకుంటుంది, అదే పరీక్ష. అక్క వెంటనే బావ పాత ధోతి చింపింది. బావను ఎవరూ అడగలేదు.

డైనీమాకూ ఒక రోగముంది. ఎప్పుడూ బిగువులో ఉంచితే కొద్దికొద్దిగా సాగుతుంది. అందుకని మళ్ళీ మళ్ళీ బిగించాలి. బిగింపు మారితే కొయ్య వాలు మారుతుంది. కొయ్య వెనక్కి వాలితే పడవ ముక్కు గాలివైపుకు తిరుగుతానంటుంది, చుక్కాని పట్టినోడి చెయ్యి గుంజేస్తుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంటుంది. ఒక్క కొయ్యతోనే ఇంత గోల అయితే, ఆ ఓడ సరంగు ఇంట్లో పండగలెట్లా గడిచాయో!

సెలవులయ్యాక అందరం సాగర్ గట్టుకు పోయాం. కొత్త తాళ్ళతో అల్లుడు బయల్దేరాడో లేదో, ఒంటరి మనిషి నడిపే లేజర్ పడవ ఒకటి సర్రున దాటిపోయింది. అల్లుడు ఒడ్డుకు రాగానే తమ్ముడు అడిగాడు:

"దానికి ఉక్కా, తాడా?"

"రెండూ లేవు చిన్నమామా. కొయ్యను పడవల గుచ్చుతరు, అంతే."

"మరి పండగ మూడొద్దులు మా నెత్తి ఎందుకు తిన్నవురా?"

అల్లుడు వినే స్థితిలో లేడు. ఎడమ తాడు అప్పుడే వదులైందట.